ఎక్కువైన నేల

గొలుసమ్మ గ్యారేజీ షెడ్డులో అడుగుపెట్టేసరికి తోడికోడళ్ళిద్దరూ నేరం నాదంటే నాదని పోట్లాడుకుంటున్నారు.

“ప్రమాణం చేసింది నేను. సంతకం నాది. జైలంటూ ఉంటే నేనే పోవాలి” అంటోంది చిన్న కోడలు.

“నువ్వప్పుడు సముద్రానికి అవతల ఉన్నావే పిచ్చిదానా! కొలతలు చెప్పిందెవరు? నేను కాదూ? ఏమండీ, ముందు నా పేరు రాసుకోండి” అంటూ నడిపి కోడలు గొలుసమ్మ వైపు స్పానరు ఝళిపించింది. వీధిలో అందరూ ఆమెను స్పానరక్క అంటారు. లారీ కింద దూరిందంటే దాన్ని దారికి తెచ్చాకగానీ బయటికి రాదు.

ఆస్తి కోసం జుట్లు పట్టుకున్న తోడికోడళ్ళను గొలుసమ్మ లెక్కలేనంతమందిని చూసింది. జైలు కోసం పోటీపడేవాళ్ళను చూడటం మాత్రం ఇదే మొదలు. ఈ కేసును సగం మనసుతో ఒప్పుకుంది. ఆ మిగతా సగం కూడా ఇప్పుడు అటే మొగ్గింది.

గొలుసమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. సర్వే ఆఫీసులో కొలత గొలుసు భుజాన వేసుకుని ఏళ్ళ తరబడి తిరగడంతో ఆ పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. పైవాళ్ళు గీయమన్న గీతలన్నీ గీయలేక ఆ ఉద్యోగానికి ఒక దండం పెట్టి బయటికొచ్చేసింది. ఇప్పుడు నేల తగాదాల్లో నిజం వెలికితీసే ప్రైవేటు డిటెక్టివ్. గొలుసు మాత్రం ఇంకా సంచీలోనే ఉంది.

“పోట్లాట తర్వాత. అడిగినదానికి జవాబు చెప్పండి” అంటూ ఆమె అరిగిన టైరు మీద కూర్చుంది. “చిన్నమ్మాయ్, పౌరసత్వం ఎందుకు మార్చుకున్నావు?”

“నేను అక్కడి రేవులో క్రేను నడుపుతానండి. ఓడల్లోంచి పెట్టెలు దించే పెద్ద క్రేను. ఆ సీట్లో కూర్చోవాలంటే ఆ దేశపు మనిషై ఉండాలని రూలు పెట్టారు. మా ఆయన పోయాడు, నాకు తెలిసిన పని అదొక్కటే. కాగితం మార్చుకోమన్నారు, మార్చుకున్నాను. ఊరు మరిచిపొమ్మని ఎవరూ అనలేదు. అన్నా వినేదాన్ని కాదనుకోండి.”

“తిరిగొచ్చి ఏం చేద్దామని?”

“అక్క ఇన్నాళ్ళూ ఇంజన్లు గొలుసుకప్పీతో లాగి లాగి నడుం విరగ్గొట్టుకుంది. ఇక్కడో చిన్న క్రేను పెడతాను. వెనకాల రెండు గదులు కడతాం, చెరొకటి.”

స్పానరక్క ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె వాటా నేల భర్త వైద్యానికి ఎప్పుడో అమ్ముడుపోయింది. నడివీధిలో నిలబడిన తోడికోడల్ని పిలిచి, నా స్థలంలో షెడ్డు వేసుకో అక్కా అన్నది ఈ చిన్న కోడలే. ఆ మాట అన్న నోటితో మళ్ళీ ఎప్పుడూ దాన్ని గుర్తుచేయలేదట. స్పానరక్కే ఈ సంగతి ఫోనులో చెప్పి గొలుసమ్మను పిలిపించింది.

ఇప్పుడు ఆ స్థలమే పోయేలా ఉంది. పౌరసత్వం మార్చుకున్నవాళ్ళు పుట్టిన దేశంలో వారసత్వంగా వచ్చిన నేల ఉంచుకోవచ్చు. అయితే అది చట్టం చెప్పిన విస్తీర్ణం దాటకూడదు, ఎంత ఉందో ప్రమాణం చేసి చెప్పాలి. తక్కువ చేసి చెప్పారని తేలితే నేల మొత్తం పోతుంది, ఆ దేశంలో మళ్ళీ అడుగుపెట్టే హక్కు కూడా పోతుంది. పోయిన నేలను కొనుక్కునే మొదటి అవకాశం పక్కనున్న వారసుడిది. చిన్న కోడలు చెప్పిన విస్తీర్ణం హద్దులోపలే ఉంది. విచారణాధికారి వచ్చి కొలిస్తే వీధివైపు మూలన ఒక గది పట్టేంత ఎక్కువ తేలింది. సాయంత్రం ఆఫీసు మూసేలోపు నేల వదులుకుంటున్నానని సంతకం పెడితే అంతటితో సరి. లేకపోతే ఆమెకు దేశంలోకి రాకుండా నిషేధం, సాక్షి సంతకం పెట్టిన స్పానరక్కకు జైలు.

“నువ్వు చెప్పిన కొలత ఎక్కడిది?” అని గొలుసమ్మ స్పానరక్కను అడిగింది.

“మామగారు పంచినప్పటిది. అప్పుడు కొలిచిన ముసలాయన గట్టిగా చదివి వినిపించాడు. నాకు కంఠతా వచ్చు.”

ఆ ముసలాయనెవరో గొలుసమ్మకు తెలుసు. ఆమెకు గొలుసు పట్టడం నేర్పిన గురువు. ఆయన కొలిస్తే కొలిచినట్టే. అలాంటప్పుడు నేల పెరగడానికి అదేమైనా పొట్లపాదా?

“మూలరాయి చూపించు.”

రాయి ఒక టైర్ల గుట్ట వెనక ఉంది. పక్కనే బావగారి ఖాళీ స్థలం. మధ్యలో గోడ లేదు, కంచె లేదు. సొంత బావగారి పక్కన హద్దురాయిని రోజూ వెళ్ళి చూసుకునే అలవాటు ఏ మరదలికి ఉంటుంది? టైర్లు అడ్డంగా పెరిగాయి, రాయి సంగతి అందరూ మరిచిపోయారు.

“ఈ గుట్ట నువ్వే పేర్చావా?”

“నేను కాక ఇంకెవరు...” అంటూనే స్పానరక్క ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళి ఒక టైరును కాలితో తన్ని చూసింది. “కాదు. ఇది నా పేర్పు కాదు. నిలువు గుట్ట కూలి ఒకసారి నా కాలు విరిగింది. అప్పట్నుంచీ ఇటుకలు పేర్చినట్టు పేరుస్తాను, కింది రెండింటి మీదా పైదొకటి. అదుగో, ఆ గుట్టలు చూడండి. ఇది ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా ఉంది.”

గొలుసమ్మ మిగతా గుట్టలు చూసింది. అన్నీ గోడల్లా కుదురుగా ఉన్నాయి. ఇదొక్కటే తాగినవాడిలా ఒక పక్కకు ఒరిగింది.

“ఈ మధ్య ఊరు విడిచి వెళ్ళావా?”

“పోయిన వానాకాలం, ఇదిగో ఈ చెల్లి దగ్గరికే, సముద్రం దాటి. నెల్లాళ్ళు షెడ్డుకు తాళం.”

“తాళం చెవి?”

“బావగారికి ఇచ్చి వెళ్ళాను. ఇంకెవరికిస్తాం?”

గొలుసమ్మ లేచి చీర దులుపుకుని పక్కింటికి నడిచింది.

బావగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. ముగ్గురన్నదమ్ముల్లో పెద్దవాడు, ఇప్పుడు బతికి ఉన్నది ఈయనొక్కడే. ఆమెను చూడగానే లేచి నిలబడి, కుర్చీ తెప్పించి, నీళ్ళు తెప్పించి, మరదళ్ళకు వచ్చిన కష్టం తలుచుకుని కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ మర్యాదకు గొలుసమ్మే కాస్త ఇరుకున పడింది.

“ఆ మూలన ఎక్కువ తేలిన ముక్క మీ వైపుది. అది మీ నేల కాదా?”

“కాదమ్మా. రాయి ఎక్కడుంటే అక్కడిదాకా వాళ్ళదే. ఒకళ్ళ నేల నాకెందుకు? ఆఫీసరుగారితో కూడా అదే చెప్పాను. పాపం, ఆ పిల్ల కొలత తప్పు చెప్పింది. తెలిసి చెప్పిందో తెలియక చెప్పిందో!”

“స్థలం సర్కారుకు పోతే కొనుక్కునే హక్కు మీదేనటగా?”

“నాదే. కొంటాను మరి. పరాయివాళ్ళ పాలు కావడం కంటే ఇంటివాడి దగ్గర ఉండటం నయం కదా?”

గొలుసమ్మ తలూపింది. ఆమె చూపు వరండా అవతలి వైపు మళ్ళింది. అటు పక్క ఇంటికీ ఈయన ఇంటికీ మధ్య ఎత్తయిన గోడ, దాని మీద గాజుపెంకులు. ‘ఈ గోడకు సైకిళ్ళు ఆనించరాదు’ అని ఎర్రరంగుతో రాసి ఉంది. అవతలివాళ్ళ రేకు కొస ఒకటి గోడ దాటి ఇటు తొంగిచూస్తోంది.

“ఆ రేకు మీ మీదికి వచ్చినట్టుందే?”

బావగారి ముఖం కందగడ్డలా అయింది. “వచ్చినట్టుండటం ఏమిటమ్మా, జానెడు వచ్చింది! జానెడు! మర్యాదగా చెప్పాను, వినలేదు. కోర్టుకీడ్చాను. వాడు ముసలివాడయ్యాడు, నేనూ అయ్యాను, కేసు నడుస్తూనే ఉంది. నా ప్రాణం పోయినా ఆ జానెడు వదలను!”

జానెడు రేకు నీడ కోసం కోర్టుకెక్కిన మనిషి, గది పట్టేంత నేలను మరదలికి నవ్వుతూ వదిలేస్తున్నాడు. నేల దొంగిలించినవాళ్ళను గొలుసమ్మ బోలెడుమందిని పట్టుకుంది. దొంగచాటుగా నేల ఇచ్చేవాణ్ణి ఎలా పట్టుకోవాలో మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు. జానెడు వదిలి బారెడు మింగే ఈ ఉపాయం ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, దాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయింది. తనకు నేల ఎక్కువ వచ్చిందని ఎవరు ఫిర్యాదు చేస్తారు?

“మీది చాలా పెద్ద మనసండీ” అంది.

“ఏదో, మీ అభిమానం” అన్నాడు బావగారు.

బయట జీపు ఆగింది. విచారణాధికారి దిగాడు. ఇస్త్రీ చొక్కా, నల్లకళ్ళద్దాలు, చేతిలో సంతకం కోసం తయారైన కాగితం. ఆఫీసులో ఎవరూ అతని కళ్ళలోకి సూటిగా చూడలేరు. గొలుసమ్మకు మాత్రం అతను వేరే. ఒకే గురువు దగ్గర ఇద్దరూ పని నేర్చుకున్నారు, ఒకే పళ్ళెంలో తిన్నారు. పని సగం కూడా నేర్చుకోకుండానే సర్కారు కొలువు వచ్చిందని ఎగిరి గంతేసి వెళ్ళిపోయాడు. గురువుగారు అతన్ని తొందరయ్య అనేవాడు.

“అక్కా, నువ్వా! ఇక్కడ కూడా నీ గొలుసేనా?” అన్నాడు తొందరయ్య నవ్వుతూ.

“నీ టేపు తప్పు చెబుతోందట తమ్ముడూ. చూసి పోదామని వచ్చాను.”

“టేపు తప్పు చెప్పదు. రాయి నుంచి రాయికి కొలిచాను.”

“రాయి కాళ్ళొచ్చి నడిస్తే?”

“గురువుగారు పాతిన రాయి నడుస్తుందా? నిద్రలో కూడా ఆ మాట అనకు.” అతని గొంతు కటువెక్కింది. “నీకు సర్కారు కొలువంటే మొదట్నుంచీ పడదు, ఒప్పుకుంటాను. నా ఫైలు మీద నీ కసి తీర్చుకోకు. టైర్లు నిలువుగా ఉన్నాయి, వంకరగా ఉన్నాయి అంటే జడ్జిగారు నవ్విపోతారు.”

టైర్ల మాట అతనికి ఎవరు చెప్పారు? జీపు దిగి నేరుగా ఇటే వచ్చాడే! గొలుసమ్మ ఆ ప్రశ్నను నోటిదాకా రానిచ్చి మింగేసింది. షెడ్డులో మాటలు ఈ వరండాలోకి వినబడే ఉంటాయి, బావగారు ఫోను చేసే ఉంటాడు. అంతకుమించి ఆలోచించడం ఆమెకు ఇష్టం లేకపోయింది. తొందరయ్య ఆమెకు తమ్ముడిలాంటివాడు.

“రాయి కింద తవ్వనిస్తావా?”

“తవ్వుకో” అన్నాడు అతను, క్షణం కూడా ఆలోచించకుండా.

గురువుగారిది ఒక పద్ధతి ఉంది. హద్దురాయి పాతేముందు గుంట అడుగున దోసెడు బొగ్గు పోసి, దాని మీద పగిలిన పెంకు ముక్కలు పరిచి, మట్టి కప్పి, ఆ పైన రాయి నిలబెట్టేవాడు. బొగ్గు కుళ్ళదు, పెంకు కరగదు. రాయిని ఎవడైనా జరిపితే కింది సాక్షులు పాతచోటే ఉండిపోతాయి. ఈ సంగతి స్థలం సొంతదారుకు కూడా చెప్పేవాడు కాదు. ఆయన జీవితంలో శిష్యులు ఇద్దరే, తెలిసింది ఆ ఇద్దరికే. ఆయన పోయి చాలాకాలమైంది.

అందరూ మూల దగ్గర చేరారు. స్పానరక్క గునపం అందుకుని రాయిని పెకలించింది. గొలుసమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తీసింది. ఏమీ ఉండకూడదు. ఏమీ లేకపోతే రాయి నడిచినట్టే, తోడికోడళ్ళు గట్టెక్కినట్టే.

వేళ్ళకు పెంకు తగిలింది. ఇంకొకటి. వాటి కింద నల్లగా దోసెడు బొగ్గు.

“చూశావా?” అన్నాడు తొందరయ్య మెల్లగా, దాదాపు జాలిగా. “గురువుగారి చేతిపని. రాయి ఉన్నచోటే ఉంది.”

గొలుసమ్మ బొగ్గు పక్కకు తీసి ఇంకా కిందికి తవ్వింది. గట్టి మట్టి, ఎవరూ ఎన్నడూ ముట్టని మట్టి. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. చేయి గుంటలోనే ఉండిపోయింది.

“ఓడిపోయావక్కా, లే” అని అతను చేయి అందించాడు. ఆమె ఆ చేయి పట్టుకోలేదు.

తొందరయ్య కాగితాన్ని జీపు బానెట్టు మీద పరిచి, చిన్న కోడలికి పెన్ను అందించాడు. “సంతకం పెట్టేయండమ్మా. మీ అక్కకు జైలు తప్పుతుంది. సాయంత్రం విమానానికి మీరు గౌరవంగా వెళ్ళిపోవచ్చు.”

“పెట్టకే!” అంది స్పానరక్క. “నేను జైల్లో కూడా స్పానరు పట్టుకుని బతుకుతాను. నావల్ల నీ నేల పోతే మాత్రం నేను బతకను.”

చిన్న కోడలు పెన్ను తీసుకుని మూత పెట్టింది. “గొలుసమ్మగారు ఇంకా లేవలేదు కదండీ. ఆవిడ పని అయిందన్నాక చూద్దాం. లోడు గాలిలో ఉండగా క్రేను దిగిపోవడం నాకు అలవాటు లేదు.”

ఆ నిబ్బరం చూసి గొలుసమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మనిషి నేల పోతే పోయేది ఒక్క స్థలమే కాదు. ఆమె ముక్కు చీదుకుని లేచింది, సంచీలోంచి గొలుసు తీసింది. వీధివైపు అవతలి రాయి నుంచి, గురువుగారు ఆనాడు చదివి వినిపించిన కొలతకు గొలుసు లాగింది. గొలుసు కొస తిన్నగా ఆ నిలువు టైర్ల గుట్ట అడుగుకు వెళ్ళింది.

స్పానరక్క టైర్లు విసిరేసింది. కింద నేల మెత్తగా ఉంది.

“గ్యారేజీ నేలన్నాక ఎక్కడ పడితే అక్కడ తవ్వి ఉంటారు” అన్నాడు తొందరయ్య.

గొలుసమ్మ తవ్వింది. పెంకు లేదు. బొగ్గు లేదు. తొందరయ్య నవ్వాడు, బావగారు కూడా నవ్వాడు. ఆమె ఆగలేదు. మోచేతి లోతు దాటాక గునపం ఠంగుమంది. మట్టి తుడిచింది. తెల్లగా, రాయిలా బిగుసుకుపోయిన గడ్డ ఒకటి నేలలోకి వేళ్ళు తన్ని ఉంది.

తొందరయ్య నవ్వు ఆగింది. వంగి చూశాడు. “అక్కా, ఆ తెల్లటిదేమిటి?”

“సున్నం.”

“సున్నమా? ఎవరు పోశారు?”

“గురువుగారే. అన్నిటికంటే అడుగున తడి సున్నం పోసేవాడు. రాయి మోసుకుపోవచ్చు, పెంకులు ఏరుకుపోవచ్చు, బొగ్గు ఎత్తుకుపోవచ్చు, నేలలో దిగి గడ్డకట్టిన సున్నాన్ని ఎవడు మోస్తాడు అనేవాడు. పని నేర్పడం అయ్యాక, చివర్లో చెప్పాడు ఆ సంగతి. నువ్వు అప్పటికే వెళ్ళిపోయావు.” ఆమె మొదటి గుంట వైపు వేలు చూపించింది. “ఆ గుంటలో పెంకు దొరికినప్పుడు ఓడిపోయాననుకుని ముఖం పాలిపోయిందనుకున్నావు కదూ? కింద సున్నం లేదు తమ్ముడూ. రాయి జరిపినవాడికి పెంకు తెలుసు, బొగ్గు తెలుసు, సున్నం తెలియదు. అలాంటివాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి గుర్తుపట్టినందుకు పాలిపోయాను.”

బావగారే ముందు తట్టుకోలేకపోయాడు.

“ఆ చెత్తంతా ఎత్తి మోయడం ఎందుకయ్యా, రాయి ఒక్కటీ జరిపితే చాలదా అని ఆరోజే మొత్తుకున్నాను! విన్నావా? మూల ముక్క నీకు రాసిస్తానంటే ఎగురుకుంటూ వచ్చావు!”

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

తొందరయ్య కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. చాలా నింపాదిగా వంగి, నేల మీది గునపం తీసుకున్నాడు. “మాటలకేం, ఎవరైనా అంటారు. కోర్టుకు కావలసింది ఆ గడ్డ. అది పిండి అయిపోతే నీ దగ్గర ఏముందక్కా?” అంటూ గుంట అంచుకు వచ్చాడు. అడ్డం వచ్చిన గొలుసమ్మను భుజంతో ఒక్క తోపు తోశాడు. ఆమె టైర్ల మీద పడింది.

గునపం పైకి లేచింది. అది దిగేలోపు చిన్న కోడలు గుంటలోకి దూకింది. చెప్పులు విడిచి, ఆ తెల్ల గడ్డ మీద రెండు పాదాలూ ఆనించి నిలబడి, తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది.

“వేయండి సార్. ఇంటింత పెట్టెలు రోజూ కేబుల్‌కు వేలాడదీసేదాన్ని, మీ గునపానికి జడుస్తానా? ముందు నా కాళ్ళు విరగాలి. విరిగితే పడిపోతాను. పడితే ఇక్కడే పడతాను, నా నేల మీద.”

మరుక్షణం స్పానరక్క కూడా దిగింది. ఆ గుంటలో ఇద్దరికి చోటు లేదు. చెల్లి నడుం చుట్టూ చేయి వేసి, ఒంటికాలి మీద ఇరుక్కుని నిలబడింది.

తొందరయ్య ఎత్తిన గునపం ఎత్తినట్టే ఉండిపోయింది; ఆ పాదాల మీద వేయడానికి అతనికి చేతులు రాలేదు.